క్లాస్టుర్ దాటాక

"గది ఒకటేనా?"

గెర్దా ఆ మాట అడగడం ఇది మూడోసారి. స్వానా మాత్రం వంటింటి బల్ల మీద పరిచిన మ్యాపు మీంచి తల ఎత్తలేదు.

"గది ఒకటే. మంచాలు రెండు. ఆ సంగతి గది అద్దెకిచ్చే ఆవిడ ఫోన్లో చెప్పలేదా?"

"చెప్పింది. ఎవరికి చెప్పింది? నీక్కాదు, హల్లీకి! 'స్వానా, లాకి ఇద్దరి పేర్న గది ఖాయం చేశామండీ, పొద్దున కాఫీ మాదే' అని సాక్షాత్తూ నీ మొగుడికి ఫోన్ చేసి చెప్పింది. నువ్వూ నీ పాత మొగుడూ ఒక గదిలో పడుకోబోతున్నారని!"

"నెమ్మదిగా మాట్లాడు. కిటికీ తెరిచుంది."

"ఉండనీ. ఊరంతా విననీ."

"ఊరికి ఎప్పుడో తెలుసు. నిన్న పెట్రోలు బంకులో టైర్లకి గాలి పట్టిస్తుంటే ఎక్కడికని అడిగారు, చెప్పాగా," అంది స్వానా, మ్యాపు మీద పెన్సిలు కదుపుతూనే.

పొయ్యి దగ్గర హల్లీ వీపు తిప్పి నిలబడి ఉన్నాడు. రై ధాన్యం పిండి రొట్టెలు ఒక్కొక్కటే పొడి పెనం మీద వేస్తున్నాడు. నల్లమచ్చలు పడేదాకా కాల్చి, తీసి, తడిగుడ్డ కింద పేరుస్తున్నాడు. వంటిల్లంతా మాడు వాసన. మనిషి మాత్రం ఉలకడు, పలకడు.

"హల్లీ, నువ్వయినా ఏదో ఒకటి అను," అంది గెర్దా.

"యైయా," అన్నాడు హల్లీ.

మా వాళ్ళకి ఈ ఒక్క మాట ఉంటే చాలు. చావుకెళ్ళినా అదే, పెళ్ళికెళ్ళినా అదే. 'సరే'నో, 'అయ్యో'నో, 'ఇక లేద్దామా'నో వినేవాడే తేల్చుకోవాలి. గెర్దాకి ఇప్పుడు తేల్చుకునే ఓపిక లేదు.

"ఆ రొట్టెలెవరికి?"

"దారిలోకి."

"ఎవరి దారిలోకి?"

"వీళ్ళ దారిలోకే. లాకికి పొగబెట్టిన గొర్రెమాంసం ఇష్టమట. పల్చగా కోసి పెట్టమంది మీ అమ్మ." పెనం మీద రొట్టె తిప్పాడు. "వెన్న దండిగా రాయాలి. లేకపోతే దారిలో ఎండిపోతాయి."

గెర్దా కుర్చీలో కూలబడింది. భార్య తన మొదటి మొగుణ్ణి వెంటబెట్టుకుని మూడు రోజులు ఊళ్ళు తిరగడానికి వెళ్తుంటే, ఆ మొదటి మొగుడికి ఏ మాంసం ఇష్టమో కనుక్కుని మరీ రొట్టెలు కాల్చే మనిషితో ఎవరు మాత్రం పోట్లాడగలరు? అందుకని మళ్ళీ తల్లి మీదికే తిరిగింది.

"సరే. గది సంగతి వదిలెయ్. అసలు దారి సంగతి చెప్పు. శుక్రవారం పొద్దున బయల్దేరతావు. సెల్‌ఫోస్‌లో అతన్ని ఎక్కించుకుంటావు. ఆ తర్వాత?"

స్వానా ముఖం వెలిగింది. ఎవరైనా దారి గురించి అడిగితే చాలు, ఆవిడ తిట్లన్నీ మర్చిపోతుంది. డెబ్భై రెండేళ్ళ మనిషి, పెన్సిలు చివరతో దీవి దక్షిణ తీరం వెంట గీత లాగింది.

"ఆ తర్వాత తిన్నగా తూర్పుకి. జలపాతాల దగ్గర ఆగం, అక్కడ బస్సులు తప్ప నీళ్ళు కనపడవు. క్లాస్టుర్‌లో సూపు తాగుతాం. అక్కణ్ణుంచి ఇసుక మైదానాలు దాటి, సాయంత్రానికి హోఫ్. ఆ గది అక్కడే. శనివారం మంచుగడ్డలు తేలే మడుగు. అక్కడ ఎంతసేపు ఉండాలనిపిస్తే అంతసేపు. ఆదివారం వెనక్కి."

"ఇసుక మైదానంలో గాలి లేస్తే? కారు రంగంతా గీకేసినట్టు ఊడిపోతుంది."

"లేస్తే ఆగుతాం. క్లాస్టుర్‌లోనే ఉండిపోతాం."

"కాట్లా అగ్నిపర్వతం కదులుతోందట. పొద్దున వార్తల్లో చెప్పారు. మంచు కింద వేడెక్కితే వరదొచ్చి రోడ్డు కొట్టుకుపోతుంది."

"నేను పుట్టినప్పట్నుంచీ కాట్లా కదులుతూనే ఉంది తల్లీ. అది పేలేదాకా ఇంట్లో కూర్చుంటే నేను ఇంట్లోనే పోతాను."

"నీ వయసేంటి, ఆ దూరమేంటి?"

స్వానా పెన్సిలు కింద పెట్టింది.

"ఈ ఊరి పిల్లల్ని ముప్పై చలికాలాలు బడి బస్సులో తిప్పాను. నిన్ను కూడా. ఒక్కసారి గుంటలోకి దించానా?"

 గెర్దా పాత పుండు గెలికింది.

"చర్చిలో నన్ను చేర్చుకున్న పండగనాడు తెల్లగౌను వేసుకుని ఆ కిటికీ దగ్గర కూర్చున్నాను. గుర్తుందా? పద్నాలుగేళ్ళు నాకు. వస్తానని చెప్పాడు. కేకు కోసేశారు, చుట్టాలు వెళ్ళిపోయారు, నేనింకా ఆ కిటికీ దగ్గరే ఉన్నాను. ఆ మనిషికేనా ఇప్పుడు నువ్వు మంచుగడ్డలు చూపించేది?"

 స్వానా మ్యాపుని పాత మడతల వెంటే జాగ్రత్తగా మడిచింది. సొరుగులో పెట్టింది. వెనక తలుపు తీసుకుని, ఆరేసిన బట్టలు తియ్యడానికి వెళ్ళిపోయింది. బట్టలింకా తడిగానే ఉన్నాయని ముగ్గురికీ తెలుసు.

పెనం మీద రొట్టె మాడిపోయింది. హల్లీ దాన్ని తీసి పక్కన పెట్టాడు.

*

హల్లీని పట్టుకోవాలంటే ఈతకొలను పక్కనున్న వేడినీళ్ళ తొట్టి దగ్గరికే వెళ్ళాలి. రిటైరైన ఈత మాస్టారు. మా బోర్గర్‌నెస్ ఊళ్ళో నలభై దాటిన ప్రతివాడికీ నీళ్ళలో చేతులాడించడం నేర్పింది ఆయనే. గెర్దాకీ ఆయనే నేర్పాడు. అప్పటికి ఆయన వట్టి మాస్టారు. స్వానాని చేసుకుని ఈ ఇంటికొచ్చింది ఆ తర్వాత చాలా ఏళ్ళకి.

గెర్దా మందుల షాపు కట్టేసి వచ్చేసరికి తొట్టిలో నలుగురు ముసలాళ్ళు గొంతుదాకా మునిగి మంత్రుల్ని తిడుతున్నారు. ఆమె ముఖం చూడగానే ఒక్కొక్కరే లేచారు. 'చాలా వేడిగా ఉంది బాబూ' అన్నాడొకడు. రోజూ ఉండే వేడే.

ఇద్దరే మిగిలారు. పైన సన్నగా వాన. కింద గంధకం వాసనేసే నీళ్ళు. ఎదురుగా సముద్రపు పాయ, దాని అవతల మబ్బులో సగం మునిగిన కొండ.



"నీకు కోపం రాదా?" అంది గెర్దా.

"దేనికి?"

"దేనికేంటి హల్లీ! నీ పెళ్ళాం..."

"లాకిని నేను ఎరుగుదును. వాడికి మోకాళ్ళు పనిచెయ్యవు, కళ్ళు పోతున్నాయి. నిద్రపోతే గురక పెడతాడు. మీ అమ్మ దిండు విసురుతుంది." నీళ్ళు రెండు దోసిళ్ళు ముఖం మీద చల్లుకున్నాడు. "దానికి నాకు కోపమెందుకు?"

"మరి రెండు రోజుల్నించీ ఎందుకలా ఉన్నావు?"

"ఎలా ఉన్నాను?"

"మాడిన రొట్టెలా ఉన్నావు."

హల్లీ నవ్వబోయి ఆగిపోయాడు. అవతలి కొండకేసి చూశాడు.

"ఇన్నేళ్ళుగా ఎక్కడికెళ్ళినా మ్యాపు ఇద్దరం కలిసే చూశాం," అన్నాడు నెమ్మదిగా. "ఆవిడ దారి గీస్తుంది. 'ఇక్కడ ఆగుదామా హల్లీ, అక్కడ ఆగుదామా' అంటుంది. నేను సరే అంటాను. ఎక్కడ ఆగినా నాకొకటే. కానీ అడగడం ఉంటుంది చూశావూ... ఈసారి నేను గదిలోకి రాగానే మ్యాపు మీద పేపరు కప్పేసింది. ఫోన్లో ఆ హోఫ్ ఆవిడ చెప్తేనే నాకు తెలిసింది."



"ఎందుకు దాచింది?"

"ఆవిణ్ణే అడగాలి."

"నువ్వు అడగొచ్చుగా?"

"నేనా? నన్ను కదా ఆవిడ అడగాల్సింది!" జీవితంలో ఎన్నడూ గొంతు పెంచని మనిషి, ఇప్పుడూ పెంచలేదు. మాట మాత్రం గట్టిపడింది. "అడిగితే జవాబు చెప్తాను."

"ఏమని చెప్తావు?"

"ఆవిడ అడిగితే ఆవిడకి చెప్తాను."

గెర్దా నీళ్ళలోంచి లేచింది. ఏం చెయ్యాలో ఆమెకి ఒక్కసారిగా తేలిపోయినట్టయింది.

"ఆవిడతో పని లేదు. రేపు సెల్‌ఫోస్ వెళ్తాను. ఆ మనిషితోనే చెప్తాను, ఇంకోళ్ళ ఇంట్లో చిచ్చుపెట్టకుండా మర్యాదగా నేను రానని చెప్పేయమని."

"గెర్దా," అన్నాడు హల్లీ. "మీ నాన్నని నువ్వు చూసి ఎన్నాళ్ళయింది?"

ఆమె తువ్వాలు భుజాల మీద వేసుకుంది. లోపలికి వెళ్ళిపోయింది.

*

మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి బయల్దేరింది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూనే ఉంది. సముద్రం కింది సొరంగంలో మొదటి వాక్యం తయారైంది. హెల్లిస్ మిట్ట మీద, నాచు పట్టిన లావా రాళ్ళ మధ్యనుంచి ఆవిర్లు లేస్తున్న చోట, రెండోదీ మూడోదీ కుదిరాయి. వంతెన దాటి సెల్‌ఫోస్‌లో దిగేసరికి ఉపన్యాసం మొత్తం నోటికొచ్చేసింది.

లాకి తలుపు తీశాడు. ఒకప్పుడు చేపల ఓడల మీద పెద్ద వలలు లాగిన మనిషి. ఇప్పుడు చొక్కా లోపల ఎముకలు తప్ప ఏమీ లేనట్టున్నాడు. ఆమెకేసి కాకుండా ఆమె చెవి పక్కనున్న గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఎవరూ?"

"నేను. గెర్దాని."

ఆయన చెయ్యి తలుపు గడియ మీదే ఉండిపోయింది.

"అమ్మకేమైనా..."

"అమ్మకేం కాలేదు. బానే ఉంది. మాట్లాడదామని వచ్చాను."

"రా, రా. బూట్లు అక్కడ విడువు. జాగ్రత్త, నావి కూడా అక్కడే ఉన్నాయి, తట్టుకుంటావు." గొంతులో తొట్రుపాటు. "కొంచెం పక్కకి జరుగు. కిటికీ వైపుకి. ఆఁ, ఇప్పుడు కనిపిస్తున్నావు. చూపు మధ్యలో పోయింది నాకు, అంచులే మిగిలాయి. ఎదురుగా ఉన్నవాళ్ళు కనపడరు. పక్కనున్నవాళ్ళే కనపడతారు."

"అది నీకు పాత జబ్బే," అంది గెర్దా.

అనేశాక నాలుక కరుచుకుంది. లాకి ఒక్క క్షణం ఆగి, తల వెనక్కి వాల్చి పెద్దగా నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"అచ్చం మీ అమ్మ నోరే," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "కూర్చో. కాఫీ పోస్తాను."

ఆ పోసే తీరు గెర్దా చూసింది. కప్పు అంచులోకి వేలు వంచి పెట్టుకున్నాడు. వేడి వేలికి తగలగానే పోయడం ఆపాడు. ఒక్క చుక్క ఒలకలేదు. ఆ వేలి చివర ఎర్రగా కందిపోయి ఉంది.

సోఫా మీద చిన్న సంచి సర్దిపెట్టి ఉంది. పక్కనే మడతపెట్టిన ఉన్ని స్వెట్టరు, కొత్త మేజోళ్ళు. ఊరెళ్ళే పిల్లాడి సామానులా ఉంది. గెర్దా అటు చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది.

"ఈ ప్రయాణం గురించే వచ్చాను," అంది.

"నువ్వూ వస్తున్నావా?" అన్నాడు లాకి. ఆ అడగడంలో దాచుకోలేనంత ఆశ ఉంది.

"లేదు."

"ఆఁ. లేదులే. నీకు షాపు ఉంటుంది." చప్పున సర్దుకున్నాడు. "మేం ముగ్గురం ఉంటాంగా. సరిపోతాం."

"ముగ్గురా?"

"స్వానా, నేనూ, హల్లీ."

గెర్దా కప్పు కింద పెట్టింది. "హల్లీ రావడం లేదు."

"అదేంటి?" లాకి ముఖం పాలిపోయింది. "రాకపోవడమేంటి? ఆయనెందుకు రాడు? కారు వాళ్ళిద్దరిదీ కదా? నన్ను వెనక సీట్లో పడేస్తారనుకున్నాను. మరి... ఆయన్ని ఇంట్లో వదిలేసి నేను... ఛీ ఛీ. అలా ఎలా కుదురుతుంది?"

"నువ్వు అమ్మని అడిగినప్పుడు ఆ సంగతి ఆలోచించలేదా?"

"నేను అడగలేదే."

"మరి?"

"ఆవిడే ఫోన్ చేసింది. 'లాకీ, మనం క్లాస్టుర్ దాటి వెళ్ళలేకపోయాం, నీకు చూపున్నప్పుడే వెళ్ళొద్దాం, శుక్రవారం తయారుగా ఉండు' అంది. మీ అమ్మ తయారుగా ఉండమంటే ఉండాలి. కాదనడం నాకు అప్పుడూ చేతకాలేదు, ఇప్పుడూ చేతకాదు."

గెర్దా దారంతా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ ఇప్పుడు పనికిరాదు.

"క్లాస్టుర్ దాటి వెళ్ళలేకపోవడమేంటి?" అంది.

"నువ్వు పుట్టింది అక్కడే కదా."

"అది తెలుసు. చుట్టాలింటికి వెళ్ళినప్పుడు పుట్టాననేగా చెప్పారు."

"చుట్టాలా? క్లాస్టుర్‌లో మనకి చుట్టాలెవరే పిచ్చిదానా!" లాకి ముఖం తిరిగి వెలిగింది. ఆమెని సరిగ్గా చూడటానికి తల ఒక పక్కకి తిప్పుకున్నాడు. "ఇసుక మీద వంతెనలు కట్టడం ఆ ఏడే అయింది. అంతదాకా దీవి చుట్టూ ఒకే రోడ్డు మీద తిరిగొచ్చినవాడు లేడు. జనం కార్లేసుకుని తిరునాళ్ళకి వెళ్ళినట్టు వెళ్ళారు. మేమూ బయల్దేరాం, అరువు తెచ్చుకున్న జీపులో. మీ అమ్మకి నెలలు నిండుతున్నాయి. డాక్టరు వద్దన్నాడు. ఈవిడ వింటుందా? బండి తనే నడుపుతానంటుంది, పొట్ట స్టీరింగుకి తగులుతున్నా! క్లాస్టుర్‌లో పెట్రోలు కొట్టిస్తుంటే నొప్పులొచ్చాయి. పురుడు అయింది. అక్కడి డాక్టరు భార్య చేపల అట్టపెట్టెలో దుప్పటి పరిచి నిన్ను పడుకోబెట్టి ఇచ్చింది. అలాగే వెనక్కి తిరిగాం. దారి పొడుగునా చేపవాసనకి నువ్వు తుమ్ముతూనే ఉన్నావు."

గెర్దాకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది కానీ కుదరలేదు.

"మళ్ళీ వేసవికి వెళ్దామనుకున్నాం," అన్నాడు లాకి. "మళ్ళీ వేసవికి నేను సముద్రం మీదున్నాను. ఆ పై వేసవికి సీసాలో ఉన్నాను. ఆ తర్వాత మీ అమ్మ తలుపేసేసింది. వేసింది కాబట్టే నువ్వు మనిషివయ్యావు. ఆ విషయంలో నాకు తగువు లేదు."

బయట వీధిలో ఎవరో గడ్డి కోసే మిషను నడుపుతున్నారు. 

"చర్చి పండగనాడు..." అని మొదలెట్టింది గెర్దా.

"తెలుసు," అన్నాడు లాకి. "దానికి నా దగ్గర మాట లేదు గెర్దా. ఎన్నిసార్లు వెతికినా దొరకలేదు."

అంతకుమించి చెప్పలేదు, సాకు వెతకలేదు. ఆమె ఇన్నేళ్ళుగా ఎదురుచూసింది ఒక సాకు కోసమే. చెప్తే కొట్టిపారేద్దామని.

లాకి లేచి, గోడ పట్టుకుని ఫోన్ దగ్గరికి నడిచాడు. "హల్లీ రాకపోతే నేనూ రాను. మంచి మనిషి ఆయన. ఇదిగో, నువ్వే నంబరు నొక్కు. నాకు అంకెలు కనపడవు. మోకాలు నొప్పని చెప్తాను. మీ అమ్మ నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటుంది."

ఆమె వచ్చింది సరిగ్గా ఇందుకే. చేతికందించాడు. నంబరు నొక్కడమే తరువాయి.

గెర్దా ఆ ఫోను తీసుకుంది. సోఫా మీది మేజోళ్ళకేసి చూసింది. వాటికి అంటించిన ధర చీటీ కూడా పీకలేదు. ఆయనకి కనపడి ఉండదు.

"ఫోను వద్దు," అంది ఫోను పక్కన పెట్టేసి. సోఫా దగ్గరికి వెళ్ళి చీటీ పీకింది. "తయారుగా ఉండు. పొద్దున్నే వస్తుంది కారు. హల్లీ సంగతి నేను చూసుకుంటాను."

"నిజంగానా?"

"ఆ స్వెట్టరు సంచిలో పెట్టకు. ఒంటిమీద వేసుకో. ఇసుక మీద గాలి ఉంటుంది."

*

ఇంటికొచ్చేసరికి భోజనాల వేళ. స్వానా ఒక్కతే బల్ల దగ్గర ఉంది. ముందు మ్యాపు. పేపరు కప్పడానికి చెయ్యి చాచి, వచ్చింది కూతురని చూసి ఆగిపోయింది.

గెర్దా కోటైనా విప్పలేదు.

"నువ్వే పిలిచావట."

"చెప్పాడా?"

"చెప్పాడు. జీపు సంగతీ, అట్టపెట్టె సంగతీ అన్నీ చెప్పాడు."

"తుమ్ములు కూడా?"

"తుమ్ములు కూడా. అమ్మా, ఎందుకు పిలిచావు?"

స్వానా పెన్సిలు చెక్కుకుంటూ కూర్చుంది. చెప్పదేమోననుకుంది గెర్దా.

"కంటి డాక్టరు దగ్గర్నుంచి వచ్చినరోజు ఫోన్ చేశాడు," అంది స్వానా. "నేను భోరుమంటాడనుకున్నాను. ఏం అనలేదు. 'చిన్నప్పుడు గెర్దా జుట్టు ఏ రంగులో ఉండేది స్వానా, గోధుమ రంగా, ఇంకా తెలుపా? సరిగ్గా గుర్తు రావడం లేదు' అన్నాడు. అంతే. తెలుపే అన్నాను. 'ఆఁ, తెలుపే' అని పెట్టేశాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అతని మీద ప్రేమ అనుకోకు. ప్రేమ ఎప్పుడో ఉప్పునీళ్ళలో కలిసిపోయింది. కానీ నీకు తండ్రి. నాతో కలిసి ఒక దారిలో బయల్దేరిన మనిషి. ఆ దారి చివర ఏముందో చూడకుండానే చీకటైపోతుంటే, కారుండీ, చేతులుండీ నేను ఊరుకోవాలా?"

"మరి ఒకే గది..."

"కొత్త చోట రాత్రిపూట లేచి పడితే ఎవరు చూస్తారు? నువ్వొస్తావా?"

గెర్దా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇదంతా హల్లీకి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే సరే అంటాడు."

"అదేగా కావాల్సింది!"

"కాదు." స్వానా పెన్సిలు బల్ల మీద పడేసింది. "దేనికైనా సరే అంటాడాయన. కర్టెన్లు పచ్చవి వేద్దామన్నా సరే. కుక్కని తెద్దామన్నా సరే, తెచ్చాక వద్దన్నా సరే. అలాంటి మనిషి సరే అంటే ఆ సరే ఎంత బరువో నాకెలా తెలుస్తుంది? నవ్వుతూ అన్నాడో, నలిగిపోతూ అన్నాడో? ఆ ఒక్క మాట వినడానికి ధైర్యం చాలలేదు. అందుకని అడగనే లేదు."

"తొట్టిలో కూర్చుని నాతో ఏమన్నాడో తెలుసా? ఆవిడ అడగలేదు అన్నాడు. అడిగితే జవాబు చెప్తానన్నాడు."

"ఏం జవాబు?"

"అడిగి చూడు."

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. హల్లీ ఈతకొలను నుంచి వచ్చాడు. బూట్లు విప్పి పక్కపక్కన పెట్టాడు. తడి తువ్వాలు రేడియేటరు మీద ఆరేశాడు. వంటింటి గుమ్మంలోకి వచ్చి, తల్లీకూతుళ్ళ ముఖాలు చూసి ఆగిపోయాడు.

"యైయా," అన్నాడు.

స్వానా లేచి నిలబడింది. 

"హల్లీ, నిన్నొకటి అడగాలి. మొదటే అడగాల్సింది. లాకిని తీసుకుని నేను తూర్పుకి వెళ్ళి రానా?"

హల్లీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని వాటికేసి చూసుకున్నాడు. నీళ్ళలో నాని వేళ్ళు ముడతలు పడి ఉన్నాయి. గెర్దాకి ఆయన 'సరే' అప్పుడే వినిపిస్తున్నట్టుంది. అనెయ్, అనెయ్, పొద్దున్నే కారు వెళ్ళాలి, అనుకుంది లోపల.

"వద్దు," అన్నాడు హల్లీ.

స్వానాకి మొదట అర్థం కాలేదు. "ఏంటి?"

"వద్దు స్వానా. వెళ్ళొద్దు."

"ఎందుకూ?"

"నాకు బాధగా ఉంది."

"రొట్టెలు కాల్చావు కదా!"

"రొట్టెలు వేరు."

"పల్చగా మాంసం కోశావు!"

"కోశాను. కోస్తున్నంతసేపూ బాధగానే ఉంది." ముఖం ఎర్రబడింది. "వాడు మంచివాడే. కళ్ళు పోతున్నాయి, పాపం. అన్నీ తెలుసు. తెలిసినా బాధగానే ఉంది. నువ్వూ వాడూ కలిసి సగంలో ఆపిన దారి అది. దాన్ని పూర్తి చేసి వస్తే నా దగ్గరికి వచ్చేది ఎవరో, ఏమో. ముసలాణ్ణి, నవ్వుతారని ఎవరితోనూ అనలేదు. అడిగావు కాబట్టి చెప్తున్నాను. వద్దు."

స్వానా మెల్లగా కూర్చుంది. ఎదురు కుర్చీలో కాదు, ఆయన పక్క కుర్చీలో. కోపం వస్తుందనుకుంది గెర్దా. రాలేదు. ఆ ముఖంలో ఉన్నదేంటో కూతురైన ఆమె కూడా ఎప్పుడూ చూడలేదు.

"ఇన్నేళ్ళూ ఎక్కడ దాచావయ్యా ఈ మాట?" అంది స్వానా. కళ్ళనిండా నీళ్ళు, పెదాల మీద నవ్వు. "ఇంకోసారి అను."

"వద్దు."

"గట్టిగా అను."

"వద్దు!" అన్నాడు హల్లీ. తన గొంతుకి తనే ఉలిక్కిపడ్డాడు.

స్వానా నవ్వేసింది. నవ్వుతూనే, నీళ్ళలో నాని ముడతలు పడిన ఆ వేళ్ళు తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "అయితే ఇప్పుడు పోట్లాడుకోవాలి మనం," అంది సంబరంగా. "నేను వెళ్తానంటాను. నువ్వు వద్దంటావు. ఊఁ, కానీ. నేను వెళ్తాను."

"వెళ్ళనివ్వను."

"ఎలా ఆపుతావు?"

"కారు తాళాలు తీసి దాచేస్తాను."

"దాచు చూద్దాం!"

ఇద్దరూ కొత్తగా పెళ్ళయినవాళ్ళలా కొట్టుకుంటున్నారు. ఆ బల్ల దగ్గర మూడో మనిషి ఉన్నట్టే గుర్తులేదు వాళ్ళకి. గెర్దా కోటు వేసుకునే కూర్చుని ఉంది. ఆ ఇల్లు చల్లగా ఉంటే చాలని పొద్దుటిదాకా కోరుకున్నది ఆమే. ఇప్పుడు అది నిజంగానే చల్లబడుతుంటే ఆమెకి సెల్‌ఫోస్‌లో ఒక వేలు కనిపిస్తోంది. కప్పు అంచులోకి వంగి, వేడి ఎక్కడిదాకా వచ్చిందో చూసుకునే వేలు.

"మరి నాన్న?" అంది.

గట్టిగా అనలేదు. అయినా ఇద్దరూ మాట ఆపి ఆమె వైపు తిరిగారు. లాకి అనీ, ఆ మనిషి అనీ తప్ప గెర్దా నోట మరో పేరు వినపడని వంటిల్లు అది.

స్వానా హల్లీ వేళ్ళు వదల్లేదు. మ్యాపు బల్ల మీద తెరిచే ఉంది.